విప్పని బెల్లం పొట్లం

షుగరు డాక్టరు గారి దగ్గర నా పని మనుషుల్ని నడిపించడం. మొదట ఆయాగా చేరాను. గదులు ఊడ్చేదాన్ని, వచ్చినవాళ్ళ బరువు చూసేదాన్ని, వరసలో కూర్చోబెట్టేదాన్ని. ఆ తరవాత ఇరవై ఏళ్ళు, ఆదివారం తప్ప రోజూ పొద్దున్నే అనకాపల్లి కాలేజీ మైదానంలో షుగరు మనుషుల పక్కన నడిచాను. కిందటేడు మోకాళ్ళు ఇక వద్దన్నాయి. నా చోటికి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. "అప్పా, ఈ పని ఎలా సెయ్యాలో మాకు సెప్పవా?" అని సొంత అక్కని అడిగినట్టు అడిగారు. నోటితో చెబితే సగం గాల్లో పోతుంది. అందుకని రాస్తున్నాను.

నా జీతం, సెలవులు, క్లినిక్కులో ఎవరికి ఎవరితో పడేది కాదు అన్నవి మీకు అక్కర్లేదు. మీకు కావలసింది నేను చేసిన తప్పులు. వాటిలో ఒకటి పెద్దది. ఒక మనిషి నేనిచ్చిన పొట్లం చేతిలో పట్టుకునే స్పృహ తప్పి, మళ్ళీ కళ్ళు తెరవకుండా పోయాడు. దాని దగ్గరికి వస్తాను. ముందు పని సంగతి.

చెప్పుల అడుగులు

మా డాక్టరు మేడమ్ ప్రతి మనిషికీ చివర్లో ఒక మాట చెప్పేవారు. "రోజూ నడవండి." అందరూ తల ఊపేవారు. మళ్ళీ నెల వచ్చేసరికి షుగరు ఎక్కడిది అక్కడే ఉండేది. ఒక మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆవిడ నన్ను పిలిచారు.

"రత్నమ్మా, వీళ్ళలో ఒక్కరైనా నడుస్తున్నారంటావా?"

"లేదమ్మా."

"నీకెలా తెలుసు?"

"గుమ్మం కాడ సెప్పులు సర్దేది నానే గదమ్మా. కొని ఏడాదైన సెప్పులు. అడుగు సూత్తే నిన్న కొన్నట్టుంటాది."

ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "అయితే రేపట్నుంచి వాళ్ళతో నువ్వు నడు" అన్నారు. అలా మొదలైంది.

నడవమని చెప్పడానికి అర నిమిషం చాలు. ఎప్పుడు నడవాలి, ఎంతసేపు, ఎవరితో, దారిలో కళ్ళు తిరిగితే ఏం చెయ్యాలి అన్నవి చెప్పడానికి ఎవరికీ తీరిక ఉండదు. ఆ తీరికే మన ఉద్యోగం. మొదటి వారం పది నిమిషాలకు మించి నడిపించకండి. పక్కవాళ్ళతో మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. మాట తెగిపోతుంటే ఆపండి. నడవలేనివాళ్ళని కుర్చీలోంచి లేచి కూర్చోమనండి, అదీ వ్యాయామమే. భోజనం అయ్యాక వీధిలో రెండు చుట్లు తిరగడం కూడా లెక్కలోకి వస్తుందని చెప్పండి. ఇన్సులిన్ సూది వేసుకుని ఏమీ తినకుండా వచ్చినవాళ్ళని మైదానంలోకి రానివ్వకండి.

నడిస్తే షుగరు ఎందుకు తగ్గుతుందో మేడమ్ నాకు ఒకసారి చెప్పారు. "కండ పని చేసేటప్పుడు రక్తంలో ఉన్న షుగరుని లాక్కుంటుంది రత్నమ్మా. నడక ఆపేశాక కూడా కొంతసేపు లాక్కుంటూనే ఉంటుంది." ఈ మాటలో మంచి ఎంత ఉందో ప్రమాదం అంత ఉంది. చాలా కాలం నాకు మంచి ఒక్కటే వినబడింది.

చేప ముల్లు

నాకు తగిలిన మొదటి చీవాట్లు పూడిమడక నుంచి వచ్చే ఒక చేపలామె దగ్గర. ఆవిడకి షుగరు చాలా ఎక్కువ. ఉద్యోగం కొత్త, నాకు హుషారు. కుర్చీలో కూర్చున్న మనిషి ముందు నిలబడి, రోజూ నడవాలమ్మా, బద్ధకించకూడదు అని మొదలెట్టాను.

"ఓలమ్మ, నాకు నడక నేర్పుతావేటే?" అని ఆవిడ గొంతు ఎత్తింది. "తట్ట నెత్తినెట్టుకుని ఊరూరూ తిరిగేదాన్ని. నాను నడిసిన నడక నీ డాట్టరమ్మ నడిసిందేటి, నువ్వు నడిసేవేటి?"

గదిలో అందరూ నవ్వారు. నాకు ముఖం చెల్లలేదు. మేడమ్ లోపలి నుంచి వచ్చి, నన్ను ఒక్క మాట అనకుండా, నేల మీద కూర్చుని ఆవిడ పాదం ఒళ్ళో పెట్టుకున్నారు. అరికాల్లో చేప ముల్లు దిగి ఉంది. చుట్టూ నల్లగా ఉంది. ఎన్నాళ్ళయిందో ఆవిడకే తెలియదు. నొప్పి లేదు. షుగరు పాదాల స్పర్శని తినేసింది.

ఒక వేలు పోయింది. కాలు దక్కింది. ఆవిడకి కావలసింది నడక కాదు, కాలికి చెప్పులు, సాయంత్రం ఎవరైనా అరికాలు చూడటం. అది తెలియకుండా నేను ఉపన్యాసం ఇచ్చాను.

ఆ రాత్రే మనసులో అనుకున్నాను, ముందు అడగాలి, తరవాతే చెప్పాలి అని. అనుకోవడం తేలిక. అప్పటినుంచి నాకు తెలియని ప్రతి మనిషినీ అడిగాను. తెలుసు అనుకున్న మనిషిని అడగలేదు.

నాయుడు గారు

సూరినాయుడు గారు బెల్లం మార్కెట్లో దిమ్మలు చూసి రకం చెప్పే మనిషి. దిమ్మని గోటితో గీకి, ఆ పొడి నాలిక మీద వేసుకుని, ఏ ఊరి బెల్లమో, పాకం ఎప్పుడు దింపారో చెప్పేసేవారట. అలాంటి మనిషికి యాభై దాటాక షుగరు వచ్చింది. అదే ఏడు భార్య నర్సమ్మ గారితో కాశీ వెళ్ళారు. కాశీ వెళ్ళినవాళ్ళు తినే వస్తువు ఒకటి అక్కడ వదిలేసి వస్తారు కదా. ఇక జన్మలో ముట్టుకోరు. నాయుడు గారు గంగలో నిలబడి బెల్లం వదిలేశారు.

మైదానంలోకి వచ్చిన మొదటి రోజే ఈ కథ చెప్పారు. పక్కన నర్సమ్మ గారు కూడా ఉన్నారు, భర్తని దిగబెట్టడానికి వచ్చి.

"నాను బెల్లం ఒగ్గేసేను రత్నమ్మా. మా యావిడ ఏటొగ్గేసిందో అడుగు."

"ఏటమ్మా?"

"కాకరకాయ" అన్నారు ఆవిడ, ఎటో చూస్తూ.

"పుట్టి బుద్ధెరిగేక ఎప్పుడైనా తిందేటి కాకరకాయ? తిననిది ఒగ్గేసి గంగమ్మనే మోసం సేసేసింది!"

"నానేదొగ్గితే నీకేటయ్యా? నీ బెల్లం నువ్వు ఒగ్గు, నా కాకరకాయ నానొగ్గుతాను."

మైదానం అంతా నవ్వింది. నాకు ఆ భార్యాభర్తలు ఆ క్షణాన నచ్చేశారు.

ఆ తరవాత నాయుడు గారు నా గొప్ప అయిపోయారు. ఒక్క రోజు మానేవారు కాదు. మార్కెట్లో దిమ్మని వాసన చూసి, వేలితో తట్టి రకం చెప్పడం నేర్చుకున్నారు. నాలిక మీద పొడి పెట్టుకోలేదు. కొత్తగా ఎవరు వచ్చినా నేను ఆయన్ని చూపించేదాన్ని. "నాయుడు గార్ని సూడండి. బెల్లంలో పుట్టి పెరిగిన మనిషి, బెల్లం ఒగ్గేసేరు. మీరు రెండు చుట్లు నడవలేరేటి?" ఆయన సిగ్గుపడుతూ మీసం దువ్వుకునేవారు.

అదే నోటితో నేను పొట్లాలు పంచేదాన్ని.

సూది వేసుకునేవాళ్ళకీ, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్ళకీ నడిచేటప్పుడు షుగరు మరీ పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, కళ్ళు తిరుగుతాయి. వెంటనే తీపి నోట్లో పడాలి. మేడమ్ అందరి చీటీల మీదా, తీపి దగ్గర ఉంచుకోండి అని రాసేవారు. మన ఊళ్ళో తీపి అంటే ఇంకేముంది? శనివారం మధ్యాహ్నాలు నేనే దిమ్మ పగలగొట్టి, ముక్కలు కాగితంలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, తలా ఒకటి ఇచ్చేదాన్ని. పొద్దున్నే నడక మొదలెట్టే ముందు ఒక్కొక్కరినీ అడిగేదాన్ని.

"పొట్లం ఉందా?"

"ఉందమ్మా, ఉంది" అని నాయుడు గారు జేబు తట్టి చూపించేవారు.

బెల్లం నీరు కారుతుంది కనక నెలకోసారి పాతది తీసుకుని కొత్తది ఇచ్చేదాన్ని. నాయుడు గారి పొట్లం ఎప్పుడూ విప్పకుండా వెనక్కి వచ్చేది. అది చూసి మురిసిపోయాను. ఈయనకి విప్పాల్సిన పనే పడటం లేదు, ఎంత బాగా చూసుకుంటున్నారో అనుకున్నాను.

మాలో చెప్పుల షాపు రహీం భాయ్ ఉండేవారు. నోరు ఊరుకునేది కాదు. ఉపవాసాల నెల వచ్చే ముందు నన్ను పక్కకి పిలిచారు.

"అరె అప్పా, రేపట్నుంచి రోజాలు. పొద్దున్న నన్ను నడిపించి, కళ్ళు తిరిగాయని నీ బెల్లం పెడితే నా ఉపవాసం ఏం కావాల? నన్ను రాత్రి తిన్నాక నడిపించు. మేడమ్‌ని సూది సంగతి కూడా అడుగు."

అడిగాను. మేడమ్ సూది వేళలు మార్చారు, షుగరు పడిపోతే ఉపవాసం అయినా సరే ఆపి తినాల్సిందేనని గట్టిగా చెప్పారు, ఆయన చేత ఒప్పించారు. ఆ నెల రహీం భాయ్ నడక రాత్రి భోజనం తరవాతకి మారింది. ఆ పద్ధతి నాకు తెలియదని ఆయనకి తెలుసు. అందుకే నోరు తెరిచి చెప్పారు. నాయుడు గారి పద్ధతి నాకు తెలుసని అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఏమీ అనుకోలేదు.

లేదు, ఒకసారి నాయుడు గారు అడిగారు. అది దాచకూడదు.

"రత్నమ్మా, బెల్లమే తినాలేటి?"

"ఏదో ఒక తీపి బాబూ. జేబులో బెల్లం ఉండగా ఇంకోటెందుకు?"

ఆయన నవ్వి, పొట్లం జేబులో వేసుకున్నారు. నేను పక్కావిడ చెప్పుల పట్టీ చూస్తున్నాను. తల కూడా ఎత్తలేదు.

ఇంకోసారి, చలికాలం పొద్దున్న, నడుస్తూ నడుస్తూ గట్టు మీద కూర్చుండిపోయారు. చొక్కా తడిసిపోయింది. నేను పరిగెత్తాను. "తినీయండి, తినీయండి." "నువ్వెళ్ళి వాళ్ళని సూడు. నాను సూసుకుంటాను" అన్నారు. ఇంకో ఇద్దరి చేత చుట్టు పూర్తి చేయించి వెనక్కి వచ్చేసరికి గేటు దగ్గర టీ బండి పక్కన నిలబడి, చేతిలో గ్లాసుతో, రహీం భాయ్‌ని వెక్కిరిస్తున్నారు. ముఖంలోకి రంగు వచ్చేసింది.

"తిన్నారా?"

"ఆ, సరిపోయింది."

టీలో పంచదార ఉంది. ఆయన బాగుపడింది దానితో. పంచదార ఆయన కాశీలో వదల్లేదు. ఆ రోజు నేను ఆయన జేబు తడిమి ఉంటే, రబ్బరు బ్యాండు అలాగే ఉండటం చూసి ఉంటే, నాలుగు పంచదార బిళ్ళలతో అయిపోయే పని.

ఆదివారం

నాయుడు గారికి ఒకటే కోరిక. సూది మానెయ్యాలి. "పొడుసుకోలేక సత్తన్నాను రత్నమ్మా" అనేవారు. షుగరు ఇలాగే అదుపులో ఉంటే సూది మోతాదు తగ్గిద్దామని మేడమ్ అన్నారు. మంగళవారం చూపించుకోవాలి. శనివారం విడిపోయేటప్పుడు నేను ఆయనకి హుషారు ఇచ్చాను. "ఈ రెండ్రోజులూ ఇంకొంచెం నడిసీయండి బాబూ, మేడమ్ తగ్గించేత్తారు."

ఆ మాట నాది. ఎవరూ నా చేత అనిపించలేదు.

ఆదివారం మైదానానికి సెలవు. ఆయన సూది వేసుకున్నారు. నర్సమ్మ గారు ఇడ్లీ పెడుతున్నారు. "అవి దిగేలోపు శారదా నది గట్టంట ఒక సుట్టు తిరిగొచ్చేత్తాను, నువ్వు సెట్నీ సెయ్యి" అని వెళ్ళారు. ఏమీ తినలేదు. గట్టు మీద టీ బండి లేదు.

ఒక చుట్టు కాదు, ఎన్ని తిరిగారో తెలియదు. పాలు పోసే ఆయన సైకిలు మీద వస్తూ, చెరకు తోట పక్కన కల్వర్టుకి ఆనుకుని కూర్చున్న మనిషిని చూశాడు. పిలిస్తే పలకలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాలుగు రోజులు కళ్ళు తెరవలేదు. అయిదో రోజు పోయారు.

పదకొండో రోజు దాటాక నర్సమ్మ గారు క్లినిక్కుకి వచ్చారు. వరసలో కూర్చోలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి, కొంగు ముడి విప్పి, ఒక పొట్లం నా చేతిలో పెట్టారు.

"ఇది నీదేనా?"

కాగితం నలిగిపోయి, బెల్లం నీరు ఊరి జిగురుగా ఉంది. రబ్బరు బ్యాండు వేసింది వేసినట్టే ఉంది.

"జేబులో ఉందామ్మా?"

"సేతిలో ఉందంట. పిడికిలిప్పదీయలేకపోయేరంట నర్సులు."

అంటే ఆయన జేబులోంచి తీశారు. అంతవరకు వచ్చారు. ఆ తరవాత ఏమైంది? గంగలో ఇచ్చిన మాట గుర్తొచ్చి ఆగిపోయారా? లేక విప్పుదామనుకుని, అప్పటికే వేళ్ళు మాట వినలేదా? షుగరు అంత పడిపోయినప్పుడు మనిషికి ఆలోచన కూడా తెగిపోతుందని మేడమ్ అంటారు. ఏది నిజమో నాకు తెలియదు. ఒక్కోనాడు ఒకటి నమ్ముతాను, ఇంకోనాడు ఇంకోటి. రెండింటిలో ఏది నమ్మినా పొట్లం నాదే.

నర్సమ్మ గారు నన్ను తిట్టలేదు. తిడతారని ఎదురు చూశాను. "ఇడ్లీలు ఆ రోజు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి రత్నమ్మా, తియ్యబుద్ధి కాలేదు" అని మాత్రం అని వెళ్ళిపోయారు.

నేను మేడమ్ దగ్గరికి వెళ్ళి పని మానేస్తానన్నాను. తప్పు నీది కాదు అని ఆవిడ అంటారనుకున్నాను. అనలేదు. అందుకు ఆవిడంటే నాకు ఇప్పటికీ గౌరవం.

"నేనూ తీపి అని రాసి ఊరుకున్నాను. ఏ తీపో రాయలేదు. కాశీ సంగతి నాకూ చెప్పారాయన, నేనూ మెచ్చుకున్నాను" అన్నారు. ఆపైన, "నువ్వు మానేస్తే రేపు వీళ్ళని ఎవరు అడుగుతారు?" అన్నారు.

కార్డు మీద ప్రశ్న

పొట్లం ఉందా అని కొన్ని వందల పొద్దులు అడిగాను. తింటారా అని ఒక్కసారీ అడగలేదు. మీకు చెప్పాల్సింది ఇదే. మందు, తిండి, చెప్పులు, పొట్లం, ఏది ఇచ్చినా, మనిషి దగ్గర అది ఉందో లేదో చూడటం సగం పని. ఆ మనిషి దాన్ని వాడగలడా, వాడతాడా అన్నది మిగతా సగం. ఇంకోటి. ఎవర్నీ పదిమంది ముందు మరీ పొగడకండి. మీరు మెచ్చుకున్న గొప్పని కాపాడుకోవడానికి మనిషి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. నేను అన్నిసార్లు గొప్పగా చెప్పకపోతే, బెల్లం నాకు వద్దమ్మా ఇంకేదైనా ఇవ్వు అని నాయుడు గారు నాతో అని ఉండేవారేమో.

నాకు అప్పటికి అంకెలు వచ్చు, మిషన్ల మీద చూసి నేర్చుకున్నవి. అక్షరాలు రావు. ఆ ఏడే, యాభై రెండో ఏట, మా ల్యాబు అమ్మాయి దగ్గర మొదలెట్టాను. చదువు వచ్చి ఉంటే నాయుడు గారు బతికేవారని కాదు. ఆయన సంగతి నాకు తెలిసిందే, అది ఏ కాగితం మీదా చదవక్కర్లేదు. కానీ నడిచే ప్రతి మనిషికీ మేడమ్ ఒక కార్డు చేయించారు. అందులో ఒక ప్రశ్న నేను చేర్చమన్నాను. అది అచ్చు కాకముందు నా చేత్తో రాసి ఇవ్వాలనిపించింది. దానికి ఎనిమిది నెలలు పట్టింది. "మీరు మొక్కి వదిలేసిన తిండి ఏమైనా ఉందా?" కార్డు మీద ఇప్పటికీ నాలుగో ప్రశ్న అదే.

వింటే ఆశ్చర్యపోతారు. అరటిపండు వదిలినవాళ్ళు, పాలు వదిలినవాళ్ళు, శనివారాలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళు దొరికారు. అందరి జేబుల్లోనూ నా బెల్లం ఉండేది.

మూడేళ్ళు గడిచాక నర్సమ్మ గారికి షుగరు వచ్చింది. ఆ తరవాత ఏడు సూది కూడా రాశారు. ఒక పొద్దున్న మైదానానికి వచ్చి, నాయుడు గారు కూర్చునే గట్టు మీదే కూర్చున్నారు. నేను కార్డు తీసుకుని పక్కన కూర్చున్నాను. పాదాలు చూశాను. ఏం తిని వచ్చారో అడిగాను. నాలుగో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అక్షరాల కింద వేలు పెట్టి మెల్లగా చదివాను.

"నీకు తెలీదేటి? కాకరకాయ" అన్నారు ఆవిడ. చాలా కాలానికి ఆ ముఖంలో నవ్వు చూశాను.

రాసుకుని కార్డు మూసెయ్యవచ్చు. తెలిసిన మనిషే కదా. నేను మూయలేదు.

"ఇంకేటైనా ఉందామ్మా?"

ఆవిడ మైదానం వైపు తిరిగారు.

"బెల్లం. ఆయన పోయిన్నాడే ఒగ్గేసేను. ఎవులికీ సెప్పలేదు."

నేను ఇద్దామని తెచ్చిన పొట్లం విప్పి, బెల్లం తీసేసి, సంచిలోంచి పంచదార బిళ్ళలు నాలుగు తీసి కాగితంలో పెట్టాను. ఇవి తింటారా అని అడిగాను. తింటానన్నారు. ఒకటి నోట్లో వేసుకుని చూపించమన్నాను. చిన్నపిల్లలా చప్పరించారు. కార్డు మీద, బెల్లం వద్దు, పంచదార బిళ్ళలు అని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాను.

ఆవిడ ఆ అక్షరాల కేసి చూస్తూ అడిగారు.

"ఆయనకీ ఇయ్యే ఇచ్చుంటే?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆవిడ కోసం కాదు, నా కోసం.

"బతికుండేవారమ్మా" అన్నాను.

ఆవిడ తల ఊపారు. మిగిలిన బిళ్ళలు కొంగున ముడి వేసుకున్నారు. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని, నా భుజం పట్టుకుని లేచారు.

"పద రత్నమ్మా. ఎండెక్కిపోతాది."